మాలాధరుల పాఠము

శ్రీమద్రామానుజాచార్యులు క్రీ.శ. 1017వ సంవత్సరమున శ్రీపెరుంబుదూరులో ఆసూరి కేశవసోమయాజి, కాంతిమతీ దంపతులకు జన్మించిరి. కాంచీపురమున యాదవప్రకాశులు చెప్పిన శ్రుత్యర్థము మనసున కెక్కక వేరర్థము చెప్పుటయు, ఆ గురువు సహింపలేకపోవుటయు భాగవతు లెల్లరు ఎరిగినదే. అట్టి చిక్కే శ్రీరంగమునను తటస్థించినది. పర్యవసానము మాత్రము వేరు.

యామునాచార్యుల సన్నిధిలో చదువుకొను భాగ్యము రామానుజులకు లభింపలేదు. వారి శిష్యులగు ఐదుగురు పెద్దల యొద్ద ఆ విద్యను గ్రహింపవలసి వచ్చెను. వారిలో మాలాధరులు నమ్మాళ్వారుల తిరువాయ్మొళికి అర్థము చెప్పుచుండిరి. రెండవ శతకమున ఒక పాశురము వచ్చినది. జ్ఞానము నొసగిన భగవానుడే మరల తన్ను దేహమున నిలిపెనని ఆళ్వారు దుఃఖించుచున్నట్లు మాలాధరులు వివరించిరి. దశకమంతయు ఆనందమయమై యుండగా నడుమ శోక మెట్లు పొసగునని రామానుజులకు సందేహము కలిగెను. అజ్ఞానమున మునిగియున్న కాలముననే స్వామి తనకు కైంకర్యరుచి కలిగించెనని ఆళ్వారు కృతజ్ఞతతో స్మరించుచున్నట్లు వారు అన్వయించిరి. ఇది యామునుల నోట విన్నది కాదు, విశ్వామిత్రసృష్టి యని మాలాధరులు పాఠము నాపివైచిరి.

వారిని తప్పుపట్టరాదు. గురుముఖమున విన్నది అక్షరము జారకుండ కాపాడుట వారి వ్రతము. కాపాడువానికి కొత్తమాట దొంగవలెనే తోచును.

వార్త విని గోష్ఠీపూర్ణులు తిరుక్కోష్టియూరునుండి తరలివచ్చిరి. ఆ యర్థమును తాము యామునుల యొద్ద విన్నామనిరి. సాందీపని యొద్ద శ్రీకృష్ణుడు చదివినట్లు రామానుజులు చదువుచున్నారనియు, తెలియనివానికి చెప్పుచున్నామని తలపవలదనియు మాలాధరులకు నచ్చచెప్పిరి. పాఠము మరల సాగినది.

పిమ్మట నింకొకనాడు, యామునుల అభిప్రాయ మిట్లుండదని రామానుజులు మనవిచేయగా, వారిని సేవింపనివారికి ఇదెట్లు తెలిసెనని మాలాధరులు ప్రశ్నించిరి. తాను యామునులకు ఏకలవ్యుని వంటి శిష్యుడనని రామానుజులు విన్నవించిరి. ఆ వృద్ధుని మనస్సు కరగిపోయెను. శిష్యుడు చెప్పు విశేషార్థములకు నాటినుండి తామే చెవియొగ్గిరి. కుమారుని సైతము రామానుజుల పాదముల కప్పగించిరి. యాదవప్రకాశులును చివరకు రామానుజులనే ఆశ్రయించిరని గురుపరంపరా గ్రంథములు చెప్పుచున్నవి.

తిరుపతిలో మేనమామ శ్రీశైలపూర్ణుల యొద్ద రామానుజులు ఒక సంవత్సరము శ్రీరామాయణార్థములు వినిరి. ఇన్ని విన్న వారు తిరువాయ్మొళికి తాము వ్యాఖ్య వ్రాయలేదు. ఆ కార్యమును వయసున చిన్నవాడైన తిరుక్కురుకైప్పిరాన్ పిళ్ళాన్‌కు ఒప్పగించిరి. పిళ్ళాన్ ఆ శ్రీశైలపూర్ణుల కుమారుడే. ఆయన రచించిన ఆరాయిరప్పడి, ఆరువేల గ్రంథముల పరిమాణము గలది, ఆ ప్రబంధమునకు తొలి వ్యాఖ్యానము.