నీటి పులుపునకు సంఖ్య నొసగిన సోరెన్‌సెన్ పండితుడు

చౌటుప్పల్ అను పేరు వినగానే మనకు చౌటినేల స్ఫురించును. చౌటిమన్ను బట్టల మురికిని విడిపించుననియు, చింతపండు ఇత్తడి పాత్రలను మెఱయజేయుననియు, పసుపు సున్నముతో కలిసినచో ఎఱ్ఱనగుననియు మన యిండ్లలో చిన్నపిల్లలకును తెలియును. ఇట్లు మన పెద్దలు క్షారమును, ఆమ్లమును రుచివలనను రంగువలనను ఎఱిగియుండిరి. కాని యెంత పులుపు, యెంత క్షారము అని యడిగినచో ఒకరు చెప్పినది వేఱొకరికి సరిపడునట్టి సులభమైన సంఖ్య లేకుండెను. ఆ సంఖ్యను లోకమున కొసగిన మహనీయుని చరిత్రమును విద్యార్థులకు సంగ్రహముగా తెలుపబూనితిమి.

సోరెన్ పీటర్ లారిట్స్ సోరెన్‌సెన్ 1868వ సంవత్సరము జనవరి 9వ తేదీన డెన్మార్కు దేశమందలి హావ్రెబ్యెర్గ్ గ్రామమున ఒక రైతు కుటుంబమున జన్మించెను. కోపెన్‌హాగెన్ విశ్వవిద్యాలయమున మొదట వైద్యవిద్య నారంభించి, పిదప యోర్గెన్‌సెన్ అను ఆచార్యుని ప్రభావమున రసాయనశాస్త్రమునకు మరలెను. 1899లో డాక్టరు పట్టమును పొందెను. 1901లో కార్ల్స్‌బెర్గ్ ప్రయోగశాలయందు రసాయనశాఖకు అధిపతియయ్యెను. ఆ ప్రయోగశాలను 1875లో యాకోబ్‌సెన్ అను బీరు తయారీదారుడు స్థాపించెను. సోరెన్‌సెన్‌కు ముందు ఆ పదవియందుండినవాడు, ఆహారపదార్థములలోని నత్రజనిని కొలుచు పద్ధతిని కనిపెట్టిన కెల్డాల్. అట్టివాని స్థానమును నిలుపుట సామాన్యమైన భారము గాదు.

అచ్చట సోరెన్‌సెన్ ఎంజైములను పరిశోధించుచుండెను. మొలకెత్తు ధాన్యమునందు పిండిని చక్కెరగా మార్చునవియు, మన కడుపులో అన్నమును జీర్ణింపజేయునవియు నివియే. ద్రావణములో పోసిన ఆమ్లముయొక్క మొత్తము కంటె, అందు విడివడి సంచరించు ఉదజని అయానుల సాంద్రతయే వీని పనిని నిర్ణయించునని అతడు గ్రహించెను. కాని శుద్ధజలమున ఆ సాంద్రత లీటరునకు గ్రాములో కోటియవ వంతు మాత్రమే. ఇట్టి సూక్ష్మసంఖ్యలను మాటిమాటికి వ్రాయుట కష్టము. కావున 1909లో అతడొక సులభమైన యుపాయమును ప్రకటించెను. కోటి యనగా ఒకటి ప్రక్కన ఏడు సున్నలు. కనుక శుద్ధజలమునకు 7 అనెను. పదిలక్షలలో నొకవంతైనచో 6. సంఖ్య తగ్గినకొలది పులుపు హెచ్చును. ఒక్కొక్క మెట్టునకు పదింతలు మాఱును. ఇదియే నేడు లోకమంతట పి.హెచ్. అను పేర వాడబడుచున్నది.

అతడు సంఖ్యను చెప్పి యూరకుండలేదు. విద్యుత్తుచే కొలుచు విధమును, రంగులచే పోల్చి తెలిసికొను విధమును సవిస్తరముగా వివరించెను. అందులకై, కొంచెము ఆమ్లము గాని క్షారము గాని తగిలినను తమ సంఖ్యను సులభముగా మార్చుకొనని బఫరు ద్రావణములను సిద్ధపఱచెను. అతని పరిశోధనలందు భార్యయగు మార్గరెథె హొయ్‌రప్ తోడ్పడుచుండెను. 1924లో లిండెర్‌స్ట్రోమ్-లాంగ్ అను సహచరునితో కలిసి తన మొదటి నిర్వచనమునే సవరించి మఱింత కచ్చితమైనదానిని ప్రతిపాదించెను. కీర్తి వచ్చిన పిదపను తన మాటను తానే దిద్దుకొనుట విద్వాంసుని లక్షణము. 1938లో ఉద్యోగమును విరమించి, 1939 ఫిబ్రవరి 12వ తేదీన అతడు పరమపదించెను.

ఈ సంఖ్య మనకేల యని కొందఱు తలంపవచ్చును. ఈ కాలమున కొందఱు గృహస్థులు ఇంటియందే ఈతకొలనులను కట్టించుకొనుచున్నారు. ఆ నీటి పి.హెచ్. 7.2 మొదలు 7.8 వఱకు నుండవలెను. తక్కువైనచో లోహపు భాగములును గచ్చును చెడును. ఎక్కువైనచో క్లోరిన్ బలహీనమగును: 7.5 కడ దానిలో సుమారు సగము క్రిములను చంపు రూపమున నుండగా, 8 కడ నాలుగవవంతే మిగులును. నీరు తేటగా కనబడుచునే పిల్లలకు రోగము తేగలదు.

అయితే ఆ సంఖ్య నొక్కదానినే చూచుట చాలదు. నీటిలోని బైకార్బొనేటు మొదలగువాని నిలువను క్షారత్వమందురు. ఇది సోరెన్‌సెన్ బఫరువంటిదే. గాదెలో ధాన్యమున్న రైతు ఒక్కయేటి కఱవునకు చెదరనట్లు, క్షారత్వమున్న నీరు కొద్దిపాటి ఆమ్లమునకు చలింపదు. కొలనులో ఇది లీటరునకు 80 మొదలు 120 మిల్లీగ్రాముల వఱకు నుండుట మంచిది. తక్కువైనచో వంటసోడా కలుపుదురు. 10,000 లీటర్లకు 168 గ్రాములు కలిపినచో క్షారత్వము 10 మిల్లీగ్రాములు పెరుగును. ఎక్కువైనచో ఆమ్లమును కొంచెము కొంచెముగా నీటిలో పోయుదురు. దానిచే పి.హెచ్.ను తగ్గును, పిమ్మట నీటిని గాలిలో చిమ్మినచో బొగ్గుపులుసు గాలి వెడలిపోయి పి.హెచ్. మాత్రము మరల పెరుగును. ఆమ్లమును క్లోరిన్ పొడితో ఎన్నడును కలుపరాదు; ప్రాణాంతకమగు వాయువు పుట్టును. ఈ పనులు పెద్దలు చేయవలసినవి.

మన నల్లగొండ సీమకు ఈ విద్య వినోదమునకు మాత్రమే కాదు. ఇచ్చటి రాతినేలల బోరునీటిలో ఫ్లోరైడు మితిమీరియుండి యెందఱి యెముకలనో వంచినది. దానికి రుచి లేదు, రంగు లేదు. పి.హెచ్. సరిచేసినంతమాత్రమున అది తొలగదు. 1970వ దశకమున నాగపూరునందలి పరిశోధకులు పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించిరి. అది మన జిల్లా పేరనే నల్లగొండ పద్ధతి యనబడుచున్నది. అందు ఒక మిల్లీగ్రాము పటిక సుమారు అర మిల్లీగ్రాము క్షారత్వమును హరించును. నిలువ చాలనిచో నీరు పులిసి పని చెడును. కావుననే సున్నము చేర్చుదురు. పటిక నెంత వేయవలెనో నీటి క్షారత్వమును, ఫ్లోరైడును కొలిచినగాని తెలియదు. 2015లో చౌటుప్పల్‌నందే మిషన్ భగీరథ పైలానును నెలకొల్పి, నదీజలములను ఇంటింటికి తెచ్చు పనికి పూనుకొనిరి. ఆ నీటినైనను తఱచు పరీక్షించుచుండవలసినదే.

విద్యార్థులారా! కన్ను తేటయని చెప్పినను, నాలుక తీపియని చెప్పినను, నీటిని కొలిచిన పిదపనే నమ్ముడు. కొలిచిన పిదపనే మందు కలుపుడు. ఒక రైతుబిడ్డ యోపికతో నేర్పఱచిన యీ సంఖ్య మన గ్రామములలో ప్రతి బావికడను వాడబడిన నాడు, అతని శ్రమఫలము మన బిడ్డలకు సంపూర్ణముగా దక్కగలదని మా విశ్వాసము.