గిడుగు రామమూర్తి పంతులుగారి శ్రవణ తపస్సు

నోట వెలువడిన మాట మరుక్షణమే గాలిలో గలసిపోవును. దానిని కంటికి గనబరచు స్పెక్ట్రోగ్రాఫ్ అను యంత్రమును 1940 తరువాతి యేండ్లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు వెలువరించిరి. అది గీయు చిత్రమున అడ్డముగా కాలము, నిలువుగా స్వరస్థాయి, నలుపు గాఢతచే ధ్వనిబలము తెలియును. పలక అనినచో మొదటి యచ్చు పట్టీ పొట్టిగను, పాలక అనినచో పొడవుగను గానవచ్చును. అట్టి యంత్రము లేని కాలమున చెవిని, కలమును నమ్ముకొని ధ్వనులను పరిశోధించిన మహనీయుని చరిత్రమును మా చదువరులకు విన్నవించుచున్నాము.

రామమూర్తి పంతులుగారు 1863 ఆగష్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైరి. ఆ ప్రాంతపు కొండలలోని సవరల భాషకు అప్పుడు లిపి లేకుండెను. పంతులుగారు ఆ భాష నెరిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని దానిని నేర్చిరి; సవర భాషలో పుస్తకములు వ్రాసి, స్వంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములొసగిరి. 1913లో ప్రభుత్వమువారు రావుబహదూరు బిరుదముతో సత్కరించిరి.

సవర మాటలలో గొంతు క్షణమాత్రము బిగిసి శ్వాస యాగు ధ్వని యొకటి గలదు. తెలుగు చెవికి సులభముగా జిక్కని యిట్టి సూక్ష్మములను వారు శ్రద్ధతో వినిరి. దీర్ఘమునకు రెండు చుక్కలు గుర్తుగా నుంచిరి. 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువును అచ్చుపడెను.

ఈ కృషికి వారు చెల్లించిన మూల్యము గొప్పది. అడవులలో తిరుగుటచే చలిజ్వరము సోకగా, సేవించిన క్వినైను వలన వినికిడి దెబ్బతినెను. అయినను పని మానలేదు. పాఠ్యగ్రంథములు వాడుక భాషలో నుండవలెనని జీవితాంతము పోరాడిరి. మేము గ్రాంథికమున వ్రాయుచున్నను, ఆ పోరాటమునకు శిరసు వంచుచున్నాము. వారు 1940 జనవరి 22వ తేదీన పరమపదించిరి.

చెవిటివారు మాటను కంటితో జదువగలుగుట స్పెక్ట్రోగ్రాఫ్ ఆశించిన ప్రయోజనములలో నొకటి. వినికిడి గోల్పోయిన ఆ ధ్వనిశాస్త్రవేత్త దానిని జూడకయే కన్నుమూసిరి.

బాలబాలికలారా! మన చిత్తూరు మండలమున తెలుగుతోపాటు తమిళమును, తండాలలో లంబాడీ పలుకును వినబడుచుండును. తోటి విద్యార్థి పలుకు మీ పలుకువలె లేదని నవ్వకుడు. చెవియొగ్గి వినుడు, పంతులుగారి విద్యకు మొదటి పాఠమదియే.