తోడబుట్టినవాడి చర్మం

పీటర్ మెడవార్ అసలు వైద్యుడే కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో జంతుశాస్త్రం చదువుకున్నవాడు. 1915లో బ్రెజిల్‌లో పుట్టాడు. నాన్నది లెబనాన్, అమ్మ ఇంగ్లీషావిడ.

1940లో, యుద్ధం మధ్యలో, వాళ్ళింటికి దగ్గర్లోనే ఒక బాంబర్ విమానం కూలింది. ఒళ్ళు కాలిన వైమానికుడికి ఏమైనా చేయగలవేమో చూడమని డాక్టర్లు ఇతన్ని పిలిచారు. అతికించడానికి సొంత చర్మం చాలదు. ఇంకొకరిది పెడితే నిలవదు. ఎందుకు నిలవదన్న ప్రశ్న మెడవార్‌ని పట్టుకుంది.

గ్లాస్గోలో థామస్ గిబ్సన్ అనే సర్జన్‌తో కలిసి, కాలిన గాయాలతో ఉన్న ఒకావిడకి ఆమె సోదరుడి చర్మాన్ని చిన్న చిన్న ముక్కలుగా అతికించారు. కొన్నాళ్ళకి పోయింది. మళ్ళీ అతని చర్మమే పెట్టారు. ఈసారి ఇంకా త్వరగా పోయింది. నాకైతే ఈ కథ మొత్తంలో నచ్చేది ఈ రెండోసారే. మన ల్యాబ్‌లో అయితే ఫెయిల్ అని రాసి రికార్డు మూసేస్తాం. మెడవార్‌కి మాత్రం శరీరం గుర్తుపెట్టుకుందని అర్థమైంది. తట్టు ఒకసారి వస్తే మళ్ళీ రాకుండా కాపాడే రోగనిరోధక శక్తే, తోడబుట్టినవాడి చర్మాన్ని కూడా పరాయిదని తరిమేస్తోంది! 1943లో ఇది అచ్చయింది.

పదేళ్ళకి బిల్లింగ్‌హామ్, బ్రెంట్‌లతో ఇంకో ప్రయోగం. పుట్టకముందే చిట్టెలుకలకి వేరే జాతి ఎలుకల కణాలు ఎక్కిస్తే, పెద్దయ్యాక ఆ జాతి చర్మాన్ని ఒళ్ళు ఒప్పుకుంది. 1960లో బర్నెట్‌తో కలిపి నోబెల్. 1969లో పక్షవాతం వచ్చినా రాయడం ఆపలేదు. 1987లో పోయాడు.

ఇదంతా నేనెందుకు చదివానంటే, మా మేనమామకి లివర్ క్యాన్సర్ వచ్చి లివర్ మార్చారు. పొద్దునా రాత్రీ టాక్రోలిమస్ వేసుకుంటాడు. కొత్త లివర్‌ని తరిమేయకుండా ఇమ్యూనిటీని జోకొట్టే మందు అది. క్యాన్సర్ తిరగబెడితే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. ఇమ్యూనోథెరపీలో వాడే పీడీ-1 మందులు పనిచేసేదే ఆ ఇమ్యూనిటీని నిద్రలేపి. లేచిన టీ-కణాలు క్యాన్సర్‌తో పాటు దాత ఇచ్చిన లివర్ మీద కూడా పడొచ్చు. అలా ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. అందుకే కొందరు డాక్టర్లు ముందు ఆ లివర్ నుంచి చిన్న ముక్క తీసి, పీడీ-ఎల్1 అనే గుర్తు కోసం వెతుకుతున్నారు. అది కనిపిస్తే ప్రమాదం ఎక్కువని అనుమానం. కనిపించనంత మాత్రాన పూచీ ఏమీ లేదు.

మామయ్యకి వచ్చే నెల స్కాన్ ఉంది.