మందుచీటిపై షిల్లింగు: అనైరిన్ బెవన్ జీవితము

మందుచీటికి షిల్లింగు రుసుము విధింపబడినందున మంత్రిపదవిని త్యజించిన మహానుభావుడని అనైరిన్ బెవన్‌ను గూర్చి లోకమున నొక వాడుక గలదు. అది పూర్తిగా నిజము కాదు. 1951 లో ఆయన పదవిని వదలినది కండ్లజోళ్ళపైనను కట్టుడుపళ్ళపైనను రుసుము విధించుట కారణముగా. మందుచీటిపై రుసుము విధించు నధికారమును బ్రిటిషు ప్రభుత్వమునకు కట్టబెట్టిన శాసనము, అంతకు రెండేండ్లకు ముందు, ఆరోగ్యమంత్రిగా ఆయన యున్నప్పుడే వెలువడినది. వీరపూజ చేయువారికి ఈ రెండవ సంగతి రుచింపదు. మాకు మాత్రము ఆయన చరిత్రమున మిక్కిలి విచారింపదగిన ఘట్టమిదియే యని తోచుచున్నది.

బెవన్ 1897 నవంబరు 15 వ తేదీన దక్షిణ వేల్సులోని ట్రెడీగర్ అను బొగ్గుగనుల పట్టణమున జన్మించెను. తండ్రి డేవిడ్ గనికార్మికుడు. ఆ యింట పదిమంది బిడ్డలు పుట్టిరి. కొందరు చిన్నతనముననే మరణించిరి. బాలుడు పాఠశాలలో నత్తివాడని పరిహాసమునకు గురియై, పదుమూడేండ్ల ప్రాయమున చదువు మాని గనిలోనికి దిగెను. అతని నిజమైన విద్యాలయము కార్మికులు తమ చందాలతో నడుపుకొనుచుండిన గ్రంథాలయము. నత్తి పలికింపని మాటకు మారుమాట వెదకుటలో అలవడిన పదసంపదయే పిమ్మట పార్లమెంటులో ప్రతిపక్షులను గడగడలాడించిన వాగ్ధాటి యైనదని ఆయన నెరిగినవారు చెప్పుచుందురు.

ఆ పట్టణమున గ్రంథాలయము కంటెను ముఖ్యమైన సంస్థ మరొకటి యుండెను. అది ట్రెడీగర్ వైద్యసహాయ సంఘము. కార్మికుడు తన కూలిలో పౌనుకు మూడు పెన్నీల చొప్పున వారము వారము సంఘమునకు చెల్లించును. ఆరోగ్యముగా నుండి సంపాదించుచున్న దినములలో చెల్లించునదియే గాని, రోగమున పడిన దినమున ఎవరును అతనిని సొమ్మడుగరు. వైద్యుడు వచ్చును, మందు వచ్చును, భార్యాబిడ్డలకును వచ్చును. ఎక్కువ కూలి గలవాడు ఎక్కువ యిచ్చును, తక్కువ గలవాడు తక్కువ యిచ్చును. మందు మాత్రము ఇరువురకు నొక్కటే. బెవన్ యౌవనమున ఆ పట్టణపు ఆసుపత్రి పాలకసంఘమున పనిచేసి, ఈ యేర్పాటు నడచు తీరును లోపలనుండి చూచెను. 1920 ప్రాంతమున ఆ సంఘమున వైద్యుడుగా కొలువు చేసిన క్రోనిన్ పిమ్మట నవలాకారుడై ప్రఖ్యాతి గాంచినందున ఆ యూరి పేరు ఇంగ్లీషు చదివిన మనవారిలో కొందరికైనను తెలిసియే యుండును.

ఇదే సమయమున దేశమంతటను అమలులో నుండినది 1911 లో లాయిడ్ జార్జి తెచ్చిన ఆరోగ్యభీమా. అది కూలిచేయు కార్మికుని మాత్రము వైద్యుని యొద్దకు పంపెను. అతని భార్యకును బిడ్డలకును ఏమియు నీయలేదు. తల్లి తన బాధను దాచుకొని, ఆ సొమ్మును బిడ్డ మందునకు ఉంచుట ఆ యిండ్లలో సామాన్యము. 1925 లో బెవన్ తండ్రి బొగ్గుధూళి ఊపిరితిత్తులలో పేరుకొనుటచే కలుగు వ్యాధితో కుమారుని చేతులలోనే ప్రాణము విడిచెను. ఆ వ్యాధి వృత్తివలన కలిగినదిగా నాటి శాసనము అంగీకరింపనందున కుటుంబమునకు పరిహారము రాలేదు.

ఆయన లండనులోని కార్మిక కళాశాలలో 1919 నుండి రెండేండ్లు చదివి, తిరిగి వచ్చి కొంతకాలము నిరుద్యోగియై, కార్మికసంఘపు పనిలో ఆరితేరి, 1929 లో ఎబు వేల్ నియోజకవర్గమునుండి పార్లమెంటున ప్రవేశించెను. 1931 లో ప్రభుత్వము నిరుద్యోగులకు ఇచ్చు భత్యమునకు కుటుంబపు ఆదాయవిచారణను ముడిపెట్టెను. అధికారి యింటికి వచ్చి, కుమార్తె సంపాదన ఎంత, అల్మారాలో ఏమున్నది యని లెక్కించి పోవుచుండెను. పేదవాడు తాను పేదవాడనని పదేపదే రుజువు చేసికొనవలసివచ్చుట ఎంతటి అవమానమో బెవన్ అప్పుడు తన నియోజకవర్గమున ఇంటింట చూచెను. ఈ సంగతిని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. రుసుములను గూర్చిన వాదము తుదకు దీని చెంతకే వచ్చును.

1934 లో జెన్నీ లీని వివాహమాడుటయు, యుద్ధకాలమున చర్చిల్ నెదిరించి మాటలాడుటయు, నెహ్రూ పండితునితోడి స్నేహమును విస్తరింపదగినవే గాని, వానిని విడిచి 1945 నకు వత్తము. కార్మికపక్షము అఖండవిజయము గాంచి ప్రభుత్వము నేర్పరచగా, ఆట్లీ ఆయనను ఆరోగ్యమంత్రిగా నియమించెను. 1946 లో జాతీయ ఆరోగ్యసేవా శాసనము ఆమోదింపబడెను. ఆసుపత్రులన్నియు జాతీయములైనవి. వైద్యులు తిరుగబడిరి, 1948 ఫిబ్రవరిలో వారి సంఘము జరిపిన అభిప్రాయసేకరణమున పదింట తొమ్మిదిమంది వ్యతిరేకముగా ఓటు చేసిరి. బెవన్ ఆసుపత్రులలోని పెద్ద వైద్యులకు స్వంతవైద్యము చేసికొను హక్కును ఉంచి కొంత లొంగదీసెను, తక్కినవారిని జీతపు నౌకరులుగా చేయనని శాసనపూర్వకముగా హామీ యిచ్చి శాంతింపజేసెను. జులై 5 వ తేదీన సేవ ప్రారంభమయ్యెను. ఏండ్ల తరబడి దాచుకొనిన రోగములతో స్త్రీలు వైద్యశాలలకు వచ్చిరి. మొదటి సంవత్సరములో 50 లక్షలకు పైగా కండ్లజోళ్ళు ఇయ్యబడినవి. దీనిని దుబారా యని పత్రికలు కేకలు వేసినవి. అన్ని లక్షలమంది అంతవరకు కనబడక బ్రదికిరే యన్న విచారము ఆ కేకలలో వినబడలేదు.

అంచనాలు మించిపోయినవి. 1949 సెప్టెంబరులో పౌను విలువ తగ్గింపబడగా, అక్టోబరులో ఆట్లీ పొదుపు చర్యలలో భాగముగా మందుచీటికి షిల్లింగు మించని రుసుమును ప్రకటించెను. బెవన్ అంగీకరించెను. అంగీకరించుటయే గాక, జనులు అవసరమునకు మించి మందులు త్రాగుచున్నారను మాట ఆయన నోటనే వచ్చెను. ఆ రుసుమును ఎన్నడును వసూలు చేయరని ఆయన నమ్మిక. కొందరు దీనిని రాజకీయ చాతుర్యమందురు. పెద్ద కోతను తప్పించుటకు చిన్న కోతను కాగితముపై అనుమతించెనని వారి సమర్థనము. మేము దీనితో ఏకీభవింపజాలము. శాసనము వెలువడిన పిమ్మట దానిని వ్రాసినవాని ఉద్దేశమును ఎవరును అడుగరు. వృద్ధాప్య పింఛనుదారులకు మినహాయింపు ఇయ్యవలెనని అప్పుడే తలంచుటను బట్టి, ఆ షిల్లింగు ఎవరిని బాధించునో మంత్రులకు తెలియకపోలేదని స్పష్టము.

1951 జనవరిలో ఆయన కార్మికశాఖకు మార్చబడెను. కొరియా యుద్ధము వచ్చిపడినది. మూడేండ్లలో 470 కోట్ల పౌన్లు ఆయుధములకు వెచ్చింప నిశ్చయింపబడినది. ఏప్రిలు 10 వ తేదీన ఆర్థికమంత్రి గైట్స్‌కెల్ తన ఆయవ్యయపట్టికలో కండ్లజోళ్ళకును కట్టుడుపళ్ళకును సగము వెల రోగులే చెల్లించునట్లు చేసెను. ఆ యేట దానివలన మిగులునది కోటి ముప్పది లక్షల పౌన్లు. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన ఉంచి చూచిన పాఠకునికి బెవన్ కోపము అర్థముకాకపోదు. కొన్నిదినములలో ఆయన రాజీనామా ఇచ్చెను. హెరాల్డు విల్సను, జాన్ ఫ్రీమన్ ఆయన ననుసరించిరి. ఆ యాయుధ ప్రణాళిక గడువులో నెరవేరదని అదే సంవత్సరాంతమున చర్చిల్ పార్లమెంటులో ఒప్పుకొనవలసివచ్చెను.

1951 అక్టోబరులో కన్సర్వేటివు పక్షము గెలిచెను. వారు మందుచీటి రుసుమునకై క్రొత్త శాసనము చేయ నక్కరలేకపోయినది. బెవన్ కాలమున సిద్ధమైన యధికారము చేతిలోనే యున్నది. 1952 జూను 1 వ తేదీనుండి చీటికి షిల్లింగు వసూలు ప్రారంభమయ్యెను. 1956 లో అది చీటికి గాక చీటిలోని ప్రతిమందునకును షిల్లింగైనది. మూడు మందులు కావలసిన దీర్ఘరోగి మూడు షిల్లింగులిచ్చుకొనవలెను. ఏడాదికొకమారు జలుబుచేయు ధనికునికి అది లెక్కలోనిది కాదు. ఉప్పుపన్ను తలకు ఎంతో స్వల్పమని పాలకులు చెప్పగా విన్న మన దేశీయులకు ఈ లెక్క క్రొత్తది కాదు.

తరువాత బెవన్ తన పక్షములోనే ఏండ్ల తరబడి పోరాడి, తిరిగి నాయకులతో సమాధానపడి, 1959 లో ఉపనాయకుడై, 1960 జులై 6 వ తేదీన ఉదరపుకాన్సరుచే మరణించెను. మరుసటి యేడు రుసుము రెండు షిల్లింగులైనది. ఆయనతో కూడ పదవి వదలిన విల్సను ప్రధానియై 1965 ఫిబ్రవరిలో దానిని రద్దుచేసెను. 1967 లో పౌను విలువ మరల పడిపోవగా, 1968 జూనులో అదే విల్సను మందునకు రెండున్నర షిల్లింగుల చొప్పున దానిని మరల తెచ్చెను. బాలురకు, వృద్ధులకు, గర్భిణులకు, పేదలకు, కొన్ని దీర్ఘవ్యాధులు గలవారికి మినహాయింపులు ఇచ్చిరి. 1979 లో 20 పెన్నీలుగా నుండినది 1980 ముగియకముందే ఒక పౌనైనది.

మినహాయింపులున్నవి గదా, చెల్లింపగలవారు చెల్లించుటలో అన్యాయమేమి యని వాదించువారు గలరు. ఇంగ్లండున ఇచ్చు మందులలో పదింట సుమారు తొమ్మిది ఉచితముగనే పోవుచున్నవి. ఈ వాదమున బలము లేకపోలేదు. కాని చెల్లింపగలవారిచేత చెల్లింపజేయుటకు ఆదాయపుపన్ను ఉండనే యున్నది. అది ధనమును చూచును, రోగమును చూడదు. మినహాయింపు గీతకు కొలదిగా పైన నుండు కూలివాడే రుసుము భారమును మోయువాడు. గీత కడుగున నున్నవాడో, తాను పేదనని మరల రుజువు చూపవలెను. వసూలగు సొమ్ము ఆరోగ్యసేవ మొత్తపు వ్యయములో నూటికొక పాలైనను కాదు.

వేల్సు 2007 ఏప్రిలు 1 వ తేదీన ఈ రుసుమును తొలగించెను. ఉత్తర ఐర్లండు 2010 లో, స్కాట్లండు 2011 లో తొలగించినవి. ఇంగ్లండు తొలగింపలేదు. అచ్చట 2024 మే 1 వ తేదీనుండి ఒక్కొక్క మందునకు 9 పౌన్ల 90 పెన్నీలు. 1968 నాటి వ్యాధుల పట్టికకు 2009 లో కాన్సరు చేర్పబడినది గాని ఉబ్బసము చేరలేదు. మందుచే మధుమేహమును అణచుకొనువాడు రుసుము చెల్లింపడు. ఉబ్బసరోగి ట్రెడీగరులో నున్నచో ఏమియు ఇయ్యనక్కరలేదు. సరిహద్దు దాటి ఇంగ్లండులో నివసించుచో, పనిచేయు వయస్సువాడై పేదల పట్టికకు ఎక్కనివాడైనచో, ఊపిరి నిలుపు ప్రతిమందునకును రుసుము చెల్లించును.