మంచుగడ్డలపై మొదలైన వాస్తవ చిత్రం: రాబర్ట్ ఫ్లాహర్టీ జీవితగాథ

1916లో కెనడా దేశపు టొరంటో నగరంలో ముప్పై రెండేళ్ల యువకుడొకడు తాను ఉత్తర ధ్రువప్రాంతంలో తీసిన ఫిల్మును పెట్టెలో సర్దుతున్నాడు. సిగరెట్టు నిప్పు జారి నేలమీది ఫిల్ముపై పడింది. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. అంటుకున్నదంటే ఆర్పడం ఎవరి తరమూ కాదు. సుమారు 30,000 అడుగుల నెగటివు చూస్తుండగానే బూడిదైపోయింది. ఆర్పబోయిన యువకుడు చేతులు కాల్చుకుని ఆసుపత్రి పాలయ్యాడు. ఆయన పేరు రాబర్ట్ జోసెఫ్ ఫ్లాహర్టీ. చరిత్ర, రాజకీయం, విజ్ఞానం, ఏ విషయం మీదనైనా మంచి డాక్యుమెంటరీ చూడగోరేవారు ఈ మనిషి కథ ఒకసారి తెలుసుకోవడం మేలు. ఆ చిత్రజాతి గొప్పతనమూ, దానిలోని చిక్కూ, రెండింటికీ మూలాలు ఆయన జీవితంలోనే కనిపిస్తాయి.

ఫ్లాహర్టీ 1884 ఫిబ్రవరి 16న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఐరన్ మౌంటెన్ అనే గనుల ఊరిలో జన్మించాడు. తండ్రి గనుల వ్యవహారాలు చూసేవాడు. బాల్యమంతా తండ్రి వెంట గనుల శిబిరాలలో, కెనడా అడవులలో గడిచింది. చదువు మీద మనసు నిలవలేదు. గనుల కళాశాలలో చేరాడు గాని అక్కడివారు కొద్దికాలానికే ఇంటికి పంపివేశారు. ఆ కాలంలోనే ఫ్రాన్సెస్ హబ్బర్డ్ అనే విద్యావంతురాలు పరిచయమైంది. 1914లో వారికి వివాహమైంది. ఆ తర్వాత ఆయన తీసిన చిత్రాలలో చాలావాటి వెనుక ఆమె ఆలోచన, ఆమె శ్రమ ఉన్నాయి. పేరు మాత్రం ఎక్కువగా భర్తకే దక్కింది.

సినిమా ఆయన కోరుకున్న వృత్తి కాదు. 1910లో కెనడా రైలుమార్గాల నిర్మాత సర్ విలియం మెకంజీ హడ్సన్ అఖాతం తీరాన ఇనుప ఖనిజం వెదకడానికి ఆయనను పంపాడు. కుక్కలు లాగే బండ్ల మీద, చిన్న పడవల మీద ఆయన వేల మైళ్లు తిరిగాడు. ఆ అఖాతంలోని బెల్చర్ దీవులలో అన్నిటికంటే పెద్దదానికి నేటికీ ఆయన పేరే ఉంది. ఆ ప్రయాణాలలో దారి చూపినవారు, తిండి పెట్టినవారు, ప్రాణం కాపాడినవారు ఆ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు. అప్పట్లో లోకం వారిని ఎస్కిమోలని పిలిచేది. 1913లో మరో యాత్రకు బయలుదేరుతుండగా వెంట ఒక సినిమా కెమెరా తీసుకువెళ్లమని మెకంజీయే సలహా ఇచ్చాడు. ఫ్లాహర్టీ మూడు వారాలు మాత్రం ఆ విద్య నేర్చుకుని వెళ్లాడు. అలా తీసినదే టొరంటోలో కాలిపోయిన ఫిల్ము.

నెగటివు పోయినా ఒక ప్రతి మిగిలింది. దానిని అక్కడక్కడ చూపించాడు. చూసినవారు మర్యాదకు మెచ్చుకున్నారు గాని ఎవరి మనసూ కదలలేదు. ఇక్కడొక దృశ్యం, అక్కడొక దృశ్యం. వాటిని కలిపే మనిషి లేడు. లోపం నిప్పుదే కాదని, చిత్రంలోనూ ఉన్నదని ఫ్లాహర్టీ గ్రహించాడు. ఒక మనిషిని, ఒక కుటుంబాన్ని ఎంచుకుని, వారి బ్రతుకును మొదటినుంచి చివరిదాకా అనుసరించాలని భార్యాభర్తలు నిశ్చయించుకున్నారు. నాలుగేళ్ల ప్రయత్నం తర్వాత రెవియాన్ ఫ్రేర్ అనే ఫ్రెంచి బొచ్చుతోళ్ల వర్తక సంస్థ డబ్బు పెట్టడానికి ముందుకు వచ్చింది.

1920 ఆగస్టులో ఆయన హడ్సన్ అఖాతపు తూర్పు తీరాన, ఇప్పుడు ఇనుక్జువాక్ అని పిలిచే స్థావరానికి చేరుకున్నాడు. ఏడాది అక్కడే ఉన్నాడు. ఆ ఏడాది పని వింటే ఆశ్చర్యం కలుగుతుంది. ఫిల్మును అక్కడే కడిగేవాడు. అందుకు కావలసిన నీటిని గడ్డకట్టిన మంచుకు రంధ్రం తవ్వి పీపాలతో మోసి తేవాలి. దుస్తుల నుంచి రాలి నీటిలో పడిన జింక వెంట్రుకలను వడకట్టాలి. విద్యుద్దీపపు వెలుగు నిలకడగా ఉండకపోతే కిటికీకి సన్నని సందు వదిలి, సూర్యరశ్మితో ప్రతులు ముద్రించాడు. ఈ పనులన్నిటిలో ఇన్యూట్ వారే ఆయనకు సహాయకులు. కెమెరా చెడిపోతే భాగాలు విప్పి, తుడిచి, మళ్లీ బిగించినవారు కూడా వారే. తీసిన దృశ్యాలను సాయంత్రాలు వారికే వేసి చూపి, మరునాడు ఏమి తీయాలో వారితోనే ఆలోచించేవాడు. కెమెరా ముందున్నవారిని అడిగి చిత్రం తీయడం ఆనాటికి చాలా కొత్త సంగతి.

కథానాయకుడికి ఫ్లాహర్టీ నానూక్ అని పేరు పెట్టాడు. ఇన్యూట్ భాషలో ఆ మాటకు ధ్రువపు ఎలుగుబంటి అని అర్థం. ఆ మనిషి అసలు పేరు అల్లకరియల్లక్. మంచి వేటగాడు, నవ్వుముఖంవాడు. చిత్రంలో ఆయన భార్యగా కనిపించిన స్త్రీ ఆయన భార్య కాదు. అప్పటికే ఆ తీరంలో తుపాకులు వాడుకలో ఉండగా, ఫ్లాహర్టీ కోరికమీద వేటగాళ్లు తాతలనాటి బల్లేలు పట్టారు. మంచు ఇంటిలో కెమెరాకు చోటూ వెలుతురూ చాలకపోవడంతో ఇంటిని పెద్దదిగా కట్టించి, సగం గోడ తీయించారు. నిద్రలేచే దృశ్యంలో కుటుంబం నిజంగానే చలిగాలిలో వణికింది. గ్రామఫోను పలకను నానూక్ కొరికి చూసే ఘట్టం కూడా నటనే. అటువంటి వస్తువులు ఆయనకు కొత్తవి కావు. సీల్ జంతువును మంచు రంధ్రంలోంచి లాగే పెనుగులాటలో తాడు అవతలి కొసను పట్టినవారు కెమెరాకు కనబడకుండా నిలుచున్న మనుషులు.

వాల్రస్ వేట సంగతి మరీ ఇబ్బందికరమైనది. బల్లెం దిగిన వాల్రస్ నీటిలోంచి వేటగాళ్లను లాక్కుపోతుంటే, తుపాకీతో కాల్చమని వారు ఫ్లాహర్టీ వైపు తిరిగి కేకలు వేశారు. ఆయన విననట్టు నటిస్తూ కెమెరా తిప్పుతూనే ఉన్నాడు. ఈ సంగతిని ఆయనే తర్వాత బయటపెట్టాడు. దాచవలసిన తప్పుగా ఆయనకు తోచినట్టు లేదు.

నానూక్ ఆఫ్ ది నార్త్ 1922 జూన్‌లో న్యూయార్కులో విడుదలైంది. పెద్ద పంపిణీ సంస్థలు తిరస్కరించగా పతే సంస్థ తీసుకున్నది. ప్రేక్షకులు విరగబడ్డారు, ఐరోపాలోనూ అదే ఆదరణ. నటీనటులు లేని, ప్రేమకథ లేని, ఒక కుటుంబం తిండి సంపాదించుకోవడమే కథ అయిన నిడుపాటి చిత్రానికి అంతటి ఆదరణ అదివరకు లేదు. ఆ సందడి నడుమ, విడుదలైన కొద్దికాలానికే, అల్లకరియల్లక్ మరణించాడు. వేటలో దారితప్పి ఆకలితో చనిపోయాడని ఫ్లాహర్టీ ప్రచారం చేశాడు. ఇంట్లోనే, బహుశా క్షయవ్యాధితో పోయాడని తర్వాతివారు తేల్చారు. చావు కూడా చిత్రానికి తగినట్టే చెప్పబడింది.

తరువాత పారమౌంట్ సంస్థ ఆయనను పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులకు పంపింది. భార్య, ముగ్గురు కుమార్తెలు వెంట వెళ్లారు. మిషనరీల ప్రభావంతో అక్కడివారు అప్పటికే పాశ్చాత్య దుస్తులు ధరిస్తుండగా, వారిచేత మళ్లీ చెట్టుబెరడు వస్త్రాలు కట్టించి మొఆనా అనే చిత్రం తీశాడు. 1926లో దానిని సమీక్షిస్తూ స్కాట్లండుకు చెందిన జాన్ గ్రియర్సన్ డాక్యుమెంటరీ అనే మాట ప్రయోగించాడు. ఆ మాట ఈ చిత్రాలకు పేరుగా స్థిరపడింది. 1934లో వచ్చిన మ్యాన్ ఆఫ్ అరాన్ ఐర్లండు పడమటి దీవుల చిత్రం. అందులోని తండ్రి, తల్లి, కొడుకు ఒకరికొకరు ఏమీ కారు. పెద్ద సొరచేపల వేట ఆ దీవిలో ఏనాడో ఆగిపోగా, దానిని దీవివాసులకు మళ్లీ నేర్పించి చిత్రీకరించారు. తుపాను అలలలో పడవ నడిపినవారి ప్రమాదం మాత్రం నటన కాదు.

ఆ మరుసటి ఏడాదే ఆయన మన దక్షిణాదికి వచ్చాడు. కిప్లింగ్ రాసిన ఏనుగుల మావటి కథను సినిమాగా తీయడానికి నిర్మాత అలెగ్జాండర్ కోర్డా ఆయనను మైసూరు సంస్థానానికి పంపాడు. కన్నడ సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మైసూరు అడవులు, కాకనకోట ఖెడ్డాలో ఏనుగులను పట్టడం తెలియని సంగతులు కావు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు సహకారంతో, సంస్థానపు ఏనుగుల నడుమ చిత్రీకరణ నెలల తరబడి సాగింది. కథలోని బాలుడి పాత్రకు దొరికినవాడు కారాపురలో పుట్టిన సాబు. మావటి కొడుకు, తల్లిదండ్రులను పోగొట్టుకుని ఏనుగుశాలలో పెరుగుతున్నవాడు. ఫ్లాహర్టీ నెమ్మదికి ఓపిక చాలక కోర్డా తన తమ్ముడు జోల్టన్‌ను పంపి, మిగిలిన చిత్రాన్ని ఇంగ్లండు స్టూడియోలో పూర్తి చేయించాడు. 1937లో ఎలిఫెంట్ బాయ్ వెనిస్‌లో దర్శకత్వ బహుమతి పొందింది. అయినా అది ఫ్లాహర్టీ తలచిన చిత్రం కాదు. సాబు మాత్రం ఇంగ్లండుకు, అక్కడినుంచి హాలీవుడ్‌కు వెళ్లి పెద్ద తార అయ్యాడు. 1963లో ముప్పై తొమ్మిదో ఏట గుండెపోటుతో మరణించాడు. మైసూరు రోజులను గురించి ఫ్రాన్సెస్ ఎలిఫెంట్ డాన్స్ అనే పుస్తకం రాసింది.

అమెరికా వ్యవసాయ శాఖ కోసం తీసిన ది ల్యాండ్ ఫ్లాహర్టీ మిగతా చిత్రాల వంటిది కాదు. గతకాలపు అందాన్ని వెదకే అలవాటు వదిలి, కోతకు గురైన నేలనూ, పొలాలు పోయి పనికోసం ఊరూరా తిరిగే కుటుంబాలనూ ఉన్నవారిని ఉన్నట్టుగా చూపాడు. 1942 నాటికి అది సిద్ధమైనా, యుద్ధకాలంలో దేశపు దైన్యాన్ని చూపే చిత్రానికి విస్తృత ప్రదర్శన దక్కలేదు. ఆయన చిత్రాలలో పల్లె కుటుంబాలు తప్పక చూడవలసినది ఇదేనంటే అతిశయోక్తి కాదు. చివరి పెద్ద చిత్రం లూసియానా స్టోరీ 1948లో వచ్చింది. చిత్తడి నేలల బాలుడూ, చమురు బావీ దాని కథ. డబ్బు పెట్టినది చమురు సంస్థే కనుక, బావి ఆ నేలకు ఏ హానీ చేయకుండా వెళ్లిపోయినట్టు చూపడాన్ని విమర్శకులు తప్పుపట్టారు. వర్జిల్ థామ్సన్ సమకూర్చిన సంగీతానికి 1949లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1951 జూలై 23న వెర్మాంట్ రాష్ట్రంలోని తన పొలంలో ఫ్లాహర్టీ కన్నుమూశాడు. 1955లో ఫ్రాన్సెస్ ఆయన పేరిట డాక్యుమెంటరీ చిత్రకారుల సదస్సును ప్రారంభించింది; అది దశాబ్దాలుగా సాగుతూ వచ్చింది.

ఆ 1955లోనే ఇంకొకటి జరిగింది. ఫ్లాహర్టీ ఇనుక్జువాక్ విడిచి వెళ్లిన కొన్ని నెలలకు, 1921 డిసెంబరులో, మ్యాగీ అనే ఇన్యూట్ స్త్రీకి ఆయన వల్ల ఒక కుమారుడు పుట్టాడు. పేరు జోసెఫీ. తండ్రి మళ్లీ ఆ తీరానికి రాలేదు. తండ్రీకొడుకులు ఎన్నడూ కలుసుకోలేదు. జోసెఫీ కూడా అక్కడే వేటగాడిగా పెరిగి పెళ్లి చేసుకున్నాడు. 1953లో కెనడా ప్రభుత్వం వేట సమృద్ధిగా ఉంటుందని, నచ్చకపోతే రెండేళ్లకు తిరిగి రావచ్చునని చెప్పి, కొన్ని ఇన్యూట్ కుటుంబాలను సుమారు 2,000 కిలోమీటర్లు ఉత్తరానికి తరలించింది. రెండేళ్ల తర్వాత జోసెఫీ కుటుంబం వారిని కలుసుకోవడానికి బయలుదేరింది. చేరిన చోటు గ్రైజ్ ఫియర్డ్. చలికాలంలో నెలల తరబడి సూర్యుడు ఉదయించని నేల. సొంత ఊరిలో వారెరిగిన చెరువులు, పండ్లు, పక్షులు అక్కడ లేవు. తిరిగి పంపుతామన్న మాట ప్రభుత్వం నిలబెట్టుకోలేదు. తండ్రి కెమెరా కోసం వేటగాళ్లు నటించి చూపిన కష్టం కొడుకుకు నిజంగానే ఎదురైంది. జోసెఫీ 1984లో మరణించాడు.

ఆయన కుమార్తె మార్థా ఫ్లాహర్టీ ఐదేళ్ల వయసులో ఆ ప్రయాణం చేసింది. పెద్దదై, ఆ తరలింపుపై న్యాయం కోరినవారిలో ముఖ్యురాలైంది. 2010లో కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. కెనడా జాతీయ చలనచిత్ర మండలి ఆమె కథను మార్థా ఆఫ్ ది నార్త్ అనే డాక్యుమెంటరీగా తీసింది. తాతగారి చిత్రం పేరును తలపించే ఆ చిత్రంలో మార్థా ఏ పాత్రనూ ధరించలేదు. తన పేరుతోనే కెమెరా ముందుకు వచ్చి, తన కుటుంబానికి జరిగినది తానే చెప్పుకున్నది.