విశ్వవిద్యాలయం నేలకు ఒకనాటి జాగీర్దారు మహలఖా బాయి

తార్నాక చౌరస్తాలో బస్సు దిగి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు నడిచే విద్యార్థులలో చాలామంది పల్లెల నుంచి వచ్చినవారే. ఆర్ట్స్ కళాశాల రాతి మెట్ల మీద కూర్చుని చదువుకొనే ఆ పిల్లలకు గాని, వారిని చదువుకు పంపిన తల్లిదండ్రులకు గాని ఆ నేల వెనుక ఉన్న కథ అంతగా తెలియదు. రెండు వందల ఏళ్ల కిందట ఆ అడిక్‌మెట్ భూములు ఒక స్త్రీకి జాగీరు. ఆమె పేరు మహలఖా బాయి. నిజాం దర్బారులో ఆమె పాడింది, ఆడింది, ఉర్దూలో కవిత్వం చెప్పింది, గుర్రమెక్కి దండుతో నడిచింది. 1824లో కన్ను మూసింది.

ఇంటి గుట్టు లంకకు చేటని సామెత. ఏ ఇంట్లోనైనా పిల్లల ముందు పెద్దలు ఎత్తని సంగతులు కొన్ని ఉంటాయి. ఎవరో ఇల్లు విడిచి పోయి ఉంటారు, ఎవరి పేరో మారి ఉంటుంది, ఎవరి తండ్రి ఎవరన్నది నలుగురిలో అడగరానిదై ఉంటుంది. అటువంటి గుట్టు చుట్టూ అల్లిన నవలలను జనం తెల్లవార్లూ కూర్చుని చదువుతారు. మహలఖా బాయి పుట్టిన ఇంట్లో ఇటువంటి గుట్లు ఒకటి కాదు, మూడు తరాలవి ఉన్నాయి. అయితే ఆమె వాటిని మట్టిలో కప్పిపెట్టలేదు. అదే ఆమె జీవితంలోని పెద్ద విశేషం.

ఇల్లు విడిచిన తాత

కథ గుజరాత్‌లోని అహమ్మదాబాదులో మొదలవుతుంది. మహలఖా అమ్మమ్మ పేరు చందా బీబీ. ఆమె భర్త ఖ్వాజా మహమ్మద్ హుస్సేన్ సర్కారు కొలువులో సుంకాల వసూలు చూసేవాడు. ఆయన సర్కారు సొమ్ము వాడుకొన్నాడు. లెక్క బయటపడే సమయానికి భార్యను, బిడ్డలను వదిలి పారిపోయాడు. మగదిక్కు లేని ఆ ఇంటికి నిలువ నీడ కరువైంది. చందా బీబీ బిడ్డలను వెంటబెట్టుకొని ఊరు దాటింది. తిరిగి తిరిగి రాజస్థాన్ ప్రాంతంలోని దేవలియా అనే చిన్న సంస్థానం చేరుకొంది.

అక్కడ వారికి భగతియాలనే ఆటగాళ్లు ఆశ్రయమిచ్చారు. మన భాగవతుల మేళాల వంటి బృందమది. కడుపు నిండాలంటే ఏదో ఒక విద్య కావాలి. ఉద్యోగి ఇంట పుట్టి పరదా చాటున పెరగవలసిన ఆడపిల్లలు నలుగురిలో ఆటపాటలు నేర్చుకొన్నారు.

పేర్లు మారిన బిడ్డలు

చందా బీబీకి ముగ్గురు కూతుళ్లు. నూర్ బీబీ, పోలన్ బీబీ, మీదా బీబీ. మీదా బీబీని దేవలియా పాలకుడు సలీం సింగ్ చేరదీశాడు. వారికి మెహతాబ్ అనే ఆడబిడ్డ కలిగింది. రాణివాసంలో ఆగ్రహం రేగింది. అక్కడ ఇక బతుకు సాగదని తెలిసి కుటుంబం మళ్లీ దారి పట్టింది.

ఈ ప్రయాణాల్లోనే పేర్లు కూడా మారిపోయాయి. నూర్ బీబీ బుర్జ్ కన్వర్ అయింది. పోలన్ బీబీ పోలన్ కన్వర్ అయింది. మీదా బీబీ రాజ్ కన్వర్ అయింది. పాత పేరుతో పాటు పాత పరువు, పాత అవమానం రెండూ వెనుక ఉండిపోయాయి. బుర్హాన్‌పూర్ మీదుగా వారు నిజాం సైన్యాల వెంట దక్కనుకు వచ్చారు. అప్పటి నిజాం రాజధాని ఔరంగాబాదులో వారి విద్యకు ఆదరణ దొరికింది.

రాజ్ కన్వర్‌కు మొగలు మన్సబ్‌దారు బహదూర్ ఖాన్ వల్ల 1768 ఏప్రిల్ 7న మరో ఆడబిడ్డ పుట్టింది. ఆ బిడ్డ కడుపులో ఉండగా ఆరో నెలలో తల్లి మౌలాలి గుట్టకు మొక్కుకు వచ్చిందని, గర్భం నిలవదేమోనన్న భయం కలిగిందని, దర్గా నుంచి తెచ్చిన దారం, ధూపం వల్ల గండం గడిచిందని ఒక కథ ఉంది. పుట్టిన బిడ్డకు అమ్మమ్మ పేరే పెట్టారు. కూతుళ్ల పేర్లు మారిపోయినా చందా బీబీ అన్న పేరు మాత్రం ఆ ఇంట్లో మళ్లీ వినిపించింది.

దివాన్ ఇంట పెంపకం

నిజాం అలీఖాన్ దివాను రుక్నుద్దౌలా ఇంట మెహతాబ్ స్థిరపడింది. ఆమెకు పిల్లలు లేకపోవడంతో చందాను తెచ్చి పెంచుకొంది. ఈ మెహతాబ్ చందాకు ఏమవుతుందన్న దానిలోనూ చరిత్రకారుల మాట ఒకటి కాదు. రాజ్ కన్వర్‌కు చెల్లెలని కొందరు రాశారు. దేవలియాలో పుట్టిన బిడ్డే గనుక చందాకు అక్క అవుతుందని మరికొందరు వివరించారు. ఒక ఇంటి గుట్టు ఎంతకాలం చిక్కుముడిగా నిలుస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

రుక్నుద్దౌలా 1775లో హత్యకు గురయ్యాడు. అప్పటికి చందాకు ఏడేళ్లు. అయినా ఆమె చదువు ఆగలేదు. దివాన్ ఇంటి గ్రంథాలయం, గురువుల సహవాసం ఆమెకు అక్కరకు వచ్చాయి. పధ్నాలుగో ఏటికే గుర్రపు స్వారీ, విలువిద్య వచ్చాయి. ఖుష్‌హాల్ ఖాన్ అనే విద్వాంసుని వద్ద సంగీతం అభ్యసించింది.

దర్బారులో, దండులో

నిజాం అలీఖాన్ ఆమెను తన పరివారంలో చేర్చుకొన్నాడు. మగవేషం ధరించి, ఆయుధం పట్టి ఆమె మూడు దండయాత్రలలో నిజాం వెంట వెళ్లింది. కౌలాస్, నిర్మల్, పానగల్ యాత్రలు ఇవేనని చెబుతారు. మన తెలంగాణ పల్లె బాటలన్నీ ఆమె గుర్రం తొక్కినవే అన్నమాట.

మగవారు కూర్చునే ముషాయిరాలలో గజల్ చదివి మెప్పు పొందింది. దర్బారు అమీర్లతో సమానంగా గౌరవం అందుకొంది. ఆమె బయలుదేరితే నగారా మోగేది, వెంట అయిదు వందల మంది సిపాయిలు నడిచేవారు. నిజాం ఆమెకు మహలఖా అని బిరుదు ఇచ్చాడు. చంద్రుని వంటి ముఖం గలదని దాని అర్థం. చందా అన్నా చంద్రుడే. అడిక్‌మెట్‌తో పాటు మరికొన్ని గ్రామాలు ఆమెకు జాగీర్లుగా వచ్చాయి. నేటి చందానగర్ కూడా వాటిలో ఒకటని చెబుతారు.

1798లో ఆమె తన 125 గజళ్లను ఒక దివాన్‌గా కూర్చింది. మరుసటి ఏడు కంపెనీ అధికారి కెప్టెన్ మాల్కంకు ఒక ప్రతిని కానుకగా ఇచ్చింది. ఆ ప్రతి సముద్రాలు దాటి లండన్ చేరింది. ఉర్దూలో దివాన్ కూర్చిన తొలి మహిళ ఆమేనని చాలాకాలం చెప్పుకొన్నారు. తరువాత దక్కనుకే చెందిన లుత్ఫున్నీసా ఇంతియాజ్ అనే కవయిత్రి దివాన్ అంతకు కొద్దిగా ముందుదని తేలింది. ఆడవారి కృషి ఎంతకాలం చీకటిలో ఉండిపోతుందో ఇదొక నిదర్శనం.

గుట్టు విప్పిన కూతురు

అంతటి పదవి వచ్చాక ఎవరైనా తమ పుట్టుకను మరుగుపరచాలనుకొంటారు. డబ్బిచ్చి గొప్ప వంశవృక్షం రాయించుకొన్నవారు ఏ కాలంలోనూ తక్కువ కాదు. మహలఖా కూడా ఒక గ్రంథం రాయించింది. అది మహనామా అనే దక్కను చరిత్ర. దాన్ని రచించినది గులాం హుస్సేన్ ఖాన్ జౌహర్. రాజుల కథలతో పాటు ఆమె కుటుంబ వృత్తాంతానికీ అందులో చోటు దొరికింది. తాత చేసిన తప్పు, అమ్మమ్మ పడిన పాట్లు, తల్లి పేరు మారడం ఈనాడు మనకు తెలిసిందంటే ఆమె దాచనందువల్లనే. ఆ వివరాలు 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఉర్దూలో వెలువడిన ఆమె జీవిత చరిత్రకూ ఆధారమయ్యాయి.

తల్లి రాజ్ కన్వర్ 1792లో మరణించింది. తనను కడుపులో మోసి మొక్కుకు వచ్చిన మౌలాలి గుట్ట పాదం దగ్గరే కూతురు ఆమెకు సమాధి కట్టించింది. చుట్టూ గోడ, లోపల తోట, బావి, యాత్రికులకు నీడ ఏర్పరచింది. ఊరూరా తిరిగి ఆటపాటలతో బతికిన తల్లికి నవాబుల బేగంలకు తీసిపోని సమాధి కట్టడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

మహలఖా పెళ్లి చేసుకోలేదు. ఆడపిల్లలను దత్తు తీసుకొని పెంచింది. మూడు వందల మందికి పైగా బాలికలకు సంగీతం, నృత్యం నేర్పించింది. 1824లో మరణించినప్పుడు తల్లి పక్కనే ఆమెను సమాధి చేశారు. తన భూములు, బంగారం, వెండి, నగలు దిక్కులేని స్త్రీలకు చెందాలని ఆమె ఏర్పాటు చేసింది. నిలువ నీడ లేక అహమ్మదాబాదు వదిలిన అమ్మమ్మ కష్టం ఆమె మరచిపోలేదని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

చదువుల నేల

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ప్రారంభమైంది. తొలి రోజుల్లో నగరంలో అద్దె భవనాలలో నడిచింది. తరువాత అడిక్‌మెట్ భూములలో విశాలమైన ప్రాంగణం వెలిసింది. ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. ఉర్దూ బోధన భాషగా పెట్టిన విశ్వవిద్యాలయం ఒక ఉర్దూ కవయిత్రి జాగీరు నేల మీద నిలవడం కాకతాళీయమే కావచ్చు. కాని ముచ్చటైన సంగతి. నాంపల్లిలో ఆ కుటుంబపు హవేలీ కూడా తరువాతి కాలంలో ఆడపిల్లల విద్యాలయమైంది.

మౌలాలిలోని సమాధి తోట చాలా ఏళ్లు ముళ్లకంపల మధ్య పడి ఉంది. అమెరికా ప్రభుత్వ నిధుల సాయంతో 2009, 2011 మధ్య దాన్ని బాగు చేశారు. విశ్వవిద్యాలయ ప్రాంతంలో ఆమె పేరుతో పిలిచే పాత మెట్లబావికి కూడా ఇటీవలి సంవత్సరాలలో పూడిక తీశారు.

తార్నాక నుంచి లాలాపేట మీదుగా మౌలాలి ఎంతో దూరం లేదు. ఉర్సుకు గుట్ట ఎక్కే పల్లె జనం ఎందరో ఆ సమాధి పక్క నుంచే వెళుతుంటారు. లోపల పక్కపక్కన ఉన్నది తల్లీకూతుళ్లు. వారిలో ఒకరు బతుకుతెరువు కోసం పేరు మార్చుకొన్నారు. మరొకరు ఆ తల్లి ఎవరో లోకానికి తెలిసేటట్లు రాతితో కట్టి చూపారు.