బేగంపేట దోమ.. కలకత్తా పిచ్చుక
మలేరియా దారిని కనిపెట్టిన రోనాల్డ్ రాస్

సికింద్రాబాద్: బేగంపేట పాత విమానాశ్రయానికి చేరువలో ఉన్న ఒక పాత భవనానికి ప్రపంచ వైద్య చరిత్రలో స్థానముంది. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమి పెరుగుతున్న ఆనవాళ్లను చూసింది ఇక్కడే. ఏటా ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా పాటించడానికి కారణం అదే. అయితే ఆనాడు తేలింది సగమే. దోమలో చేరిన క్రిమి మరో ప్రాణి రక్తంలోకి ఎలా వెళుతుందన్న మిగతా సగం మరుసటి ఏడాది కలకత్తాలో పిచ్చుకల వల్ల తేలింది. జంటనగరాలవారు మొదటి సగాన్నే తరచూ తలచుకుంటారు.

రాస్ 1857 మే 13న హిమాలయ పాదాల చెంత అల్మోడాలో జన్మించారు. తండ్రి భారత సైన్యంలో అధికారి. ఎనిమిదో ఏట చదువు నిమిత్తం ఇంగ్లండుకు పంపారు. బాలుని మనసు చిత్రకళ, కవిత్వాల మీద ఉండేది. తండ్రి మాట కాదనలేక లండన్‌లో వైద్యవిద్య అభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. మొదటి సంవత్సరాల్లో ఆయన పరిశోధకుడిగా ఏమంత పేరు పొందలేదు. నవలలు, పద్యాలు, గణితం ఆయన తీరిక వేళలను తినేసేవి. 1883లో బెంగళూరులో తన బంగళా వద్ద నీటితొట్టిని బోర్లిస్తే దోమలు తగ్గిపోవడం గమనించారు. అధికారుల భోజనశాల వద్దా అలాగే చేయించాలన్న ఆయన సూచనను పైవారు పట్టించుకోలేదు.

రెండేళ్లు తప్పుడు దోమలతో..

చలిజ్వరానికి చిత్తడి నేలల చెడుగాలే కారణమని అప్పటి వైద్యుల్లో పెక్కుమంది నమ్మకం. ఫ్రెంచి సైనిక వైద్యుడు లావెరాన్ 1880లోనే అల్జీరియాలో రోగుల రక్తంలో క్రిమిని చూశారు. అది ఒకరి నుంచి మరొకరికి చేరే దారి మాత్రం అంతుచిక్కలేదు. 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఆ క్రిమిని రాస్‌కు సూక్ష్మదర్శినిలో చూపించి, దోమను అనుమానించమన్నారు. కాకపోతే దోమ నీళ్లలో పడి చచ్చిపోతే, ఆ నీరు తాగినవారికి జ్వరం వస్తుందని మాన్సన్ ఊహ. గురువు మాటపై రాస్ కొందరికి అలాంటి నీటిని తాగించి చూశారు. నేటి వైద్య నీతి అంగీకరించని పని అది. ఫలితమూ తేలలేదు.

1895లో సికింద్రాబాద్ కంటోన్మెంటుకు వచ్చిన రాస్, జ్వరపీడితులను దోమలచేత కుట్టించి, వాటిని కోసి చూడసాగారు. బూడిదరంగు దోమలు, చారల దోమలు వందల సంఖ్యలో బలైనా ఏమీ కనబడలేదు. అవి మనిషి మలేరియాను మోయలేని జాతులని ఆయనకు అప్పటికి తెలియదు. మధ్యలో కలరా విధులపై బెంగళూరుకు పంపారు. నీలగిరుల్లో మలేరియాను పరిశీలించబోయి తానే దాని బారినపడ్డారు.

1897 వేసవిలో తిరిగి సికింద్రాబాద్ చేరారు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి, కటకం పగిలింది. దోమలు ఎగిరిపోతాయని పంఖా కూడా ఆపించారు. ఆగస్టు నడిమిలో ఆయన చేతికి మచ్చల రెక్కల దోమలు చిక్కాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి వాటిచేత కుట్టించుకున్నాడు. కుట్టిన దోమకు అణా చొప్పున అతనికి ముట్టింది. 20న కోసిన దోమ పొట్టగోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. రోగి రక్తంలోని క్రిమిలో ఉండే రేణువులే అవి. మరునాడు కోసిన మరో దోమలో ఆ కణాలు మరింత పెరిగి ఉన్నాయి. ఆ మచ్చల రెక్కల దోమే అనాఫిలిస్.

పట్టు దొరికిన వేళ బదిలీ ఉత్తర్వు వచ్చింది. మలేరియా అంతగా లేని రాజపుతానాలోని ఖేర్వారాలో నెలలు వృథా అయ్యాయి. మాన్సన్ పలుకుబడితో 1898 ఆరంభంలో కలకత్తాకు మార్చారు. అక్కడ ప్లేగు భయం, టీకాలపై వదంతుల మధ్య జనం వేలిపై సూది పొడిపించుకోవడానికే బెదిరారు. రాస్ పక్షుల వైపు తిరిగారు. పిచ్చుకలకూ మలేరియా వస్తుంది, దాన్ని మోసేది క్యూలెక్స్ దోమ. క్రిమి దోమ పొట్టగోడపై పెరిగి, పగిలి, సన్నని పోగులై శరీరమంతా వ్యాపించి చివరకు లాలాజల గ్రంథుల్లో చేరడాన్ని ఆయన జూలైలో చూశారు. ఆ దోమలను ఆరోగ్యంగా ఉన్న 28 పిచ్చుకలపై వదిలితే 22 జబ్బుపడ్డాయి. గాలి కాదు, నీరు కాదు, కాటే దారి అని రుజువైంది. ఈ పనిలో మహమ్మద్ బక్ష్ అనే సహాయకుని శ్రమ కూడా ఉంది.

మనుషుల్లో ఇదే నిరూపించేలోగా రాస్‌ను కాలా అజార్ పరిశీలనకు అస్సాం పంపారు. ఆ ఏడాది చివరికి ఇటలీలో గ్రాసీ బృందం అనాఫిలిస్ కాటుతో మనిషికి మలేరియా సోకుతుందని చూపింది. ఘనత ఎవరిదన్న తగవు ఇద్దరినీ జీవితాంతం వెంటాడింది. రాస్ రాతల్లో గ్రాసీపై న్యాయం కంటే కోపమే ఎక్కువ. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే దక్కింది.

లెక్కల్లో వ్యాధి

1899లో భారతదేశం విడిచి లివర్‌పూల్‌లో అధ్యాపకుడైన రాస్, ఆ ఏడాదే సియెరా లియోన్ వెళ్లి అక్కడి మలేరియాను మోసేదీ అనాఫిలిసేనని చూపారు. తర్వాత మారిషస్‌లో నివారణ పనిని పరిశీలించారు. దోమలను పూర్తిగా నిర్మూలించడం అసాధ్యమనే వాదనకు ఆయన గణితంతో జవాబిచ్చారు. దోమల సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే, ఒక రోగి నుంచి ఒకరికి మించి సోకక, వ్యాధి దానంతటదే క్షీణిస్తుందని 1911 నాటి గ్రంథంలో లెక్కకట్టి చూపారు. అప్పట్లో ఆ సమీకరణాలను ఆదరించినవారు తక్కువ. తర్వాతి కాలంలో పశువుల అంటురోగాలను, పురుగులు మోసే పంటల వైరస్ తెగుళ్లను అంచనా వేసే పద్ధతులకు అవే పునాదులయ్యాయి. దోమను చూసిన కంటే ఈ లెక్కలనే రాస్ తన గొప్ప పనిగా భావించారు.

1911లో సర్ బిరుదు పొందిన రాస్, 1926లో తన పేరిట లండన్‌లో ప్రారంభమైన పరిశోధన సంస్థలోనే 1932 సెప్టెంబరు 16న కన్నుమూశారు. బేగంపేట భవనం అనంతరం ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకు వచ్చి, రాస్ పేరిట పరాన్నజీవుల అధ్యయన సంస్థగా మారింది. అణాలకు దోమకాట్లు భరించిన హుస్సేన్ ఖాన్ పేరు రాస్ రాతల్లో మిగిలింది.